భద్రాద్రి దారిలో కాలినడక

కొత్తగూడెం రైల్వే స్టేషన్‌లో బోర్డు మీద భద్రాచలం రోడ్ అని రాసి ఉంటుంది. దూరప్రాంతాల నుంచి మొదటిసారి వచ్చేవాళ్లు ఆ పేరు చూసి గుడి దగ్గరికి చేరిపోయామనుకుంటారు. బయటికి వచ్చాక ఆటోవాళ్లు చెబితే తెలుస్తుంది, రాములవారు ఇంకా దాదాపు నలభై కిలోమీటర్ల అవతల గోదావరి ఒడ్డున ఉన్నారని. బస్సెక్కితే గంటా, గంటన్నర ప్రయాణం. ఆ నలభై కిలోమీటర్లను కాళ్లతో దాటేవాళ్ల గురించి, వాళ్లు నడిచే దారి గురించి ఈరోజు మీతో మాట్లాడతాను. ఒక మాట ముందే చెబుతాను. ఈ దారిని నడిచి చూసినవాళ్లకే ఈ ప్రాంతం అర్థమవుతుంది. అలా నడిచేవాళ్లకు రోడ్డు పక్కన చోటు మాత్రం ఏటేటా తగ్గిపోతోంది.

శ్రీరామనవమికి వారం పది రోజుల ముందు నుంచే ఈ రోడ్డు మీద బృందాలు కనబడతాయి. ఖమ్మం వైపు నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా వచ్చేవాళ్లు కొందరు. మహబూబాబాద్, వరంగల్ వైపు నుంచి ఇల్లందు మీదుగా వచ్చేవాళ్లు కొందరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. అందరూ కొత్తగూడెం చేరేసరికి ఒకే దారిలో పడతారు. ముక్కోటి ఏకాదశికి కూడా నడుస్తారు. అప్పుడు చలి, పొగమంచు. నవమికేమో ఎండ. ఒక్కో బృందంలో ఇరవై మంది ఉండొచ్చు, వంద మంది ఉండొచ్చు. ముందు జెండా పట్టుకున్న మనిషి, వెనక తాళాలు, డోలక్, భజన. అందరికంటే చివర ఒక ట్రాలీ ఆటో. అందులో బియ్యం బస్తా, వంట గిన్నెలు, గ్యాస్ సిలిండర్, చాపలు, మైకు సెట్టు, మందుల పెట్టె.

నడక మొదలైందంటే పేర్లు పక్కకు పోతాయి. మగవాళ్లందరూ స్వామి, ఆడవాళ్లందరూ మాత. కిరాణా కొట్టు యజమానీ, అదే కొట్టుకు బస్తాలు మోసే హమాలీ ఒకే చాప మీద పడుకుంటారు. తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి, ఎండ ముదిరేలోపు పది గంటల దాకా నడవాలి, మధ్యాహ్నం చెట్ల కింద ఆగాలి, మళ్లీ సాయంత్రం నాలుగింటికి బయల్దేరాలి. నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఒకటుంది. అందరికంటే మెల్లగా నడిచే మనిషిని ముందు పెడతారు. అరవై ఏళ్లు దాటిన మోకాళ్ల నొప్పుల మాత ఎంత వేగంతో నడిస్తే కాలేజీ కుర్రాళ్లూ అంతే నడవాలి. ఉరకాలనుకున్న కుర్రాడికి డోలక్ ఇచ్చి ఆమె పక్కన నడవమంటారు.

కొత్తగూడెం గురించి చెప్పకుండా ఈ దారి మొదలు కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఆనవాళ్లు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కు తీసుకుంది. ఇల్లందు పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరు మీద 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. కొత్తగూడెంలో బొగ్గు బాయిలు తవ్వడం 1937లో మొదలైంది. బొగ్గు తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కిన తాతల కాలం నుంచి, ఓపెన్ కాస్టులో పెద్ద పెద్ద డంపర్లు నడిపే మనవల కాలం దాకా ఇక్కడి కుటుంబాలు ఉన్నాయి. మా బృందాల్లో బాయి పని చేసి దిగిపోయినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నడకలో వాళ్లను గుర్తుపట్టడం తేలిక. అడుగు పొట్టిగా, గట్టిగా పడుతుంది, తల కొంచెం వంచి నడుస్తారు. పైకప్పు తగులుతుందేమోనని ముప్పై ఏళ్లు వంచిన తల ఆకాశం కింద కూడా నిటారుగా నిలవదు.

కొత్తగూడెం శివారులో ముర్రేడు వాగు, అది దాటితే రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు, దుకాణాలు. పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే పాల్వంచ. అక్కడ ఆగి మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

భద్రాచలం అనగానే రామదాసు గుర్తొస్తాడు గానీ ఆయన కొలువు చేసింది పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా అనే సంగతి చాలామందికి తట్టదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నకు గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో ఈ ఉద్యోగం దొరికింది. తానీషా దగ్గర మంత్రాంగం నడిపిన అక్కన్న, మాదన్నలు ఆయన మేనమామలు. ఈ పరగణాలో వసూలైన శిస్తు సొమ్ముతోనే భద్రాద్రి మీద గుడి లేచింది, దాని కోసమే ఆయన గోల్కొండ చెరలో పన్నెండేళ్లు గడిపాడని చెప్పుకుంటాం. ఆ శిస్తు ఎక్కడిది? ఈ గుట్టల మధ్య చేలల్లో పండిన గింజది. భద్రాచలం గుడి గోపురం చూసి చేతులెత్తేవాళ్లు పాల్వంచ రైతుకు కూడా ఒక నమస్కారం బాకీ ఉన్నారని నా నమ్మకం. ఆ గుడికి తొలి భక్తురాలు కోయ మహిళ పోకల దమ్మక్క. పుట్టలో ఉన్న రాముణ్ణి వెలికి తీసి, పందిరి వేసి, అడవిలో దొరికిన పండు పెట్టి కొలిచింది ఆమే. గోపన్న వచ్చింది ఆ తర్వాత.

ఇప్పటి పాల్వంచ వేరు. రోడ్డు పక్కనే ఒక విద్యుత్ కేంద్రం, ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ, ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు మన రాష్ట్రంలో ఇంకోటి చూపించడం కష్టం. ఇవన్నీ ఈ అడవి అంచుకే ఎందుకొచ్చాయో నడుస్తూ పోతే తెలిసిపోతుంది. వెనక కొత్తగూడెంలో బొగ్గు. పక్కన కిన్నెరసాని వాగు నీళ్లు. ముందు గోదావరి. చుట్టూ అడవి. నలభై కిలోమీటర్లలో ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కాళ్లకు తగులుతాయి. బస్సు కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీ ఒక గోడ, అడవి ఒక పచ్చని గీత. వాటి మధ్య సంబంధం తెలియాలంటే కాళ్లు కదపాల్సిందే.

కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్, అంటే మన కేటీపీఎస్, పేరుకు కొత్తగూడెందే అయినా ఉన్నది పాల్వంచలో. తొలి యూనిట్లు 1966, 67 ప్రాంతంలో నడక మొదలుపెట్టాయి. ఏ, బీ, సీ స్టేషన్లు కలిపి ఎనిమిది యూనిట్లు, 720 మెగావాట్లు. దీని నీళ్ల అవసరం కోసమే యానంబైలు దగ్గర కిన్నెరసాని మీద డ్యామ్ కట్టారు. హైదరాబాద్‌లో వెలిగిన బల్బుల్లో ఎన్నింటికి వెలుగు ఇక్కడి బొయిలర్ల నుంచి వెళ్లిందో! 1969 తెలంగాణ ఉద్యమానికి నిప్పు రాజుకున్నది కూడా ఇక్కడే. విద్యుత్ కేంద్రం మా నేల మీద ఉంది, ఉద్యోగాలు మాత్రం మాకు దక్కడం లేదని ఆ ఏడాది జనవరిలో పాల్వంచలో మొదలైన నిరసన ఖమ్మం చేరింది, అక్కణ్ణుంచి తెలంగాణ అంతా పాకింది.

ఏ, బీ, సీ స్టేషన్లు ఇప్పుడు లేవు. వయసైపోయి ఆగిపోయాయి. వాటి కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో మందుగుండు పెట్టి కూల్చేశారు. పాల్వంచలో పెరిగినవాళ్లకు ఆ టవర్లు ఊరి గుర్తు. రాత్రి బస్సులో నిద్రపోయిన పిల్లల్ని లేపుతూ 'టవర్లొచ్చినయ్, లేవండి' అనేవాళ్లు పెద్దలు. పక్కనే 2018 డిసెంబరులో మొదలైన 800 మెగావాట్ల కొత్త యూనిట్ నడుస్తోంది గనుక కరెంటుకు కొదవ లేదు. అయినా ఆ చోట నడిచేటప్పుడు పాత ఉద్యోగులు మాట తగ్గిస్తారు. ఒకసారి నా పక్కన నడుస్తున్న రిటైర్డ్ ఫోర్‌మన్ ఆ ఖాళీ వైపు చెయ్యి చూపి, 'స్వామీ, మా బ్యాచ్ వాళ్లలో సగం మంది పోయారు. టవర్లన్నా ఉంటాయనుకున్నాం' అన్నాడు. నేనేం బదులు చెప్పగలను? భజన పాట అందుకున్నాం, నడిచాం.

స్పాంజ్ ఐరన్ కథ ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని విలువ మన జిల్లా పిల్లలకు కూడా తెలియదు. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కోకింగ్ బొగ్గు కావాలి, అది మన సింగరేణిలో లేదు. మరి మామూలు బొగ్గుతో ఇనుప ఖనిజం నుంచి ఇనుము తీయొచ్చా? తీయొచ్చని దేశానికి చూపించడానికే ఐక్యరాజ్య సమితి సాంకేతిక సాయంతో 1975లో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ అనే సంస్థ పెట్టారు. 1980లో పాల్వంచలో ఉత్పత్తి మొదలైంది. పెద్ద గొట్టం లాంటి కొలిమి నిదానంగా తిరుగుతుంటే అందులో ఖనిజం, బొగ్గు, సున్నపురాయి కలిసి వేడెక్కుతాయి. ఖనిజం కరగకుండానే అందులోని ఆక్సిజన్ పోతుంది. మిగిలిన ఇనుము గుల్లగుల్లగా ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరు. దేశంలో బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తయారీకి దారి చూపింది ఈ చిన్న ఫ్యాక్టరీయే. 2010లో దాన్ని ఎన్ఎండీసీలో కలిపేశారు. ఒక మ్యూజియం గది, ఒక బోర్డు, బడి పిల్లలకు ఏడాదికోసారి చూపించే ఏర్పాటు, ఇవన్నీ దానికి దక్కాల్సిన గౌరవాలు.

పాల్వంచ దాటి నాలుగైదు కిలోమీటర్లు నడిస్తే కేశవాపురం, జగన్నాథపురం మధ్య పెద్దమ్మతల్లి గుడి. లారీ డ్రైవర్లు బండి ఆపి మొక్కి పోతారు, కొత్త బండి కొన్నవాళ్లు ఇక్కడికి తీసుకొచ్చి పూజ చేయిస్తారు, ఆదివారం చెట్ల కింద పొయ్యిలు వెలుగుతాయి. నడిచేవాళ్లలో చాలామంది రాత్రి మకాం ఇక్కడే. అసలైన నడక కష్టం ఇక్కడ బయటపడుతుంది. చాప మీద కూర్చుని అందరూ కాళ్లు ముందుకు చాపుతారు. మడమ మీద, బొటనవేలి కింద బొబ్బలు. కొత్త చెప్పులతో వచ్చినవాళ్ల సంగతి మరీ దారుణం. అనుభవం ఉన్న మాతలు సూదిని నిప్పులో కాల్చి, దానికి దారం ఎక్కించి, బొబ్బకు ఒక పక్క గుచ్చి ఇంకో పక్క తీస్తారు. దారం లోపల వదిలేస్తే నీరు మెల్లగా దాని వెంట కారిపోతుంది, పైతోలు చినగదు. పైన కొబ్బరినూనె రాసి మెత్తటి నూలు గుడ్డ చుడతారు. డాక్టర్లు దారం లోపల వదలొద్దంటారు, చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి. అది వినాల్సిన మాటే. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు బొబ్బను అసలు ముట్టుకోకూడదు, నడక అక్కడే ఆపి ఆటో ఎక్కాలి. రాముడు ఏమీ అనుకోడు.

తెల్లవారుజామున మళ్లీ బయల్దేరితే ఇక అడవి. రోడ్డుకు దూరంగా గుట్టలు నల్లగా లేస్తాయి. కిన్నెరసాని అభయారణ్యం ఈ గుట్టల వెనకాల 635 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. 1977లో ప్రకటించారు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' రాసింది ఈ గుట్టల గుండా పారి బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలిసే ఈ వాగు మీదే. అత్త పోరు పడలేక కరిగి వాగైపోయిన కోడలి కథ అది. ఎండాకాలంలో వంతెన మీద నిలబడి చూస్తే ఇసుక మధ్య సన్నటి నీటి పాయ, అక్కడక్కడా మడుగులు.

నవమి వచ్చేది ఇప్పపువ్వు రాలే కాలంలో. చీకటి విడవకముందే ఆ వాసన ముందు తగులుతుంది, తియ్యగా, కొంచెం మత్తుగా. తర్వాత చెట్టు కింద టార్చిలైట్ వెలుగు కదలడం కనిపిస్తుంది. కోయ మహిళలు, పిల్లలు గంపలతో కూర్చుని పువ్వు ఏరుతుంటారు. ఇప్పపువ్వు రాత్రి పొద్దుపోయాక రాలడం మొదలుపెట్టి తెల్లారేదాకా రాలుతుంది. లేత పసుపు రంగులో, గుండ్రంగా, కండ పట్టి ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నొక్కితే రసం వస్తుంది. పొద్దెక్కితే పశువులు, జింకలు తినేస్తాయి, అందుకే ఈ తొందర. ఏరిన పువ్వును గచ్చు మీద ఆరబెడితే రెండు మూడు రోజుల్లో ఎర్రగా ఎండు ద్రాక్షలా అవుతుంది. కొంత ఇంటికి, మిగతాది సంతకో గిరిజన సహకార సంస్థ డిపోకో. ఇప్పపువ్వు అయిపోయేసరికి తునికాకు కోత మొదలవుతుంది. వేసవి రెండు మూడు నెలలు ఈ ఇళ్లకు చేతిలో డబ్బు కనబడేది ఈ రెండింటి వల్లే.

మా బృందంలో ఒక కుర్రాడు కుతూహలం కొద్దీ చెట్టు కిందికి వెళ్లి పువ్వులు తొక్కుతూ నిలబడ్డాడు. గంప పట్టుకున్న ముసలమ్మ కోప్పడలేదు. 'కొడుకా, కాలు జర ఎనక్కి తీయి, అది మా తిండి' అంది, అంతే. ఆ పిల్లవాడు సిగ్గుపడి కూర్చుని గంప సగం నిండేదాకా ఏరిపెట్టాడు. భద్రాచలం వెళ్లే ప్రతి నడక బృందానికీ ఆమె చెప్పిన మాట ముందే చెప్పి పంపాలి. ఈ అడవి మనకు దారి. వాళ్లకు ఇల్లు, పొలం, అంగడి అన్నీ ఇదే.

బొగ్గుకు, డ్యామ్‌కు, విద్యుత్ కేంద్రానికి, కాగితం మిల్లుకు నేల, నీరు, వెదురు ఇచ్చింది ఎవరో ఇక్కడ నడుస్తుంటే అడగక్కర్లేకుండానే తెలుస్తుంది. పోడు భూముల మీద హక్కు కోసం ఈ గూడేలు దశాబ్దాలు కొట్లాడాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. రాష్ట్రం 2023లో పెద్ద ఎత్తున పోడు పట్టాలు పంచింది. ఇంకా అందనివాళ్లు ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి అడవి లోపల గుడిసెలు వేసుకున్న గొత్తికోయల పిల్లలకు బడి, రేషన్ కార్డు ఇప్పటికీ కష్టమైన సంగతులే.

మిల్లుల మధ్య నుంచి, గుట్టల మీదుగా గుంపుగా నడవడం మన దగ్గరే ఉన్న ముచ్చట కాదు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ చుట్టూ ఉన్న లోయల్లో నూలు మిల్లుల ఊళ్లున్నాయి. వారమంతా పొగలో, దూదిలో ఊపిరాడక పనిచేసిన కార్మికులు ఆదివారం పక్కనున్న గుట్టలెక్కేవాళ్లు. కానీ ఆ గుట్టలు జమీందార్ల వేట భూములు, కాపలాదార్లు కర్రలతో తరిమేవాళ్లు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది కార్మికులు హేఫీల్డ్ అనే ఊరి నుంచి కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి కావాలనే గుంపుగా నడిచారు. ఐదుగురిని జైల్లో పెట్టారు. ఆ నడక ఊరికే పోలేదు. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది, 1951లో అదే ప్రాంతం ఆ దేశంలో మొట్టమొదటి జాతీయ ఉద్యానవనమైంది. 1965 ఏప్రిల్ 24న, ఆ నడక జరిగిన తేదీనాడే, ఆ గుట్టల వెన్ను మీదుగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సాగే పెన్నైన్ వే అనే కాలిబాటను ప్రజలకు తెరిచారు. మిల్లు మనుషులు నడవడం వల్లే, నడిచే హక్కు అడగడం వల్లే ఆ బాట వచ్చింది.

మన దారికి వస్తాను. మోరంపల్లి బంజర దాకా వచ్చేసరికి చేలు మొదలవుతాయి. మిర్చి కల్లాలు, పత్తి కట్టె, వాటి మధ్య వరుసగా నాటిన జామాయిల్, సుబాబుల్ తోటలు. సారపాకలో కాగితం మిల్లు దగ్గరపడిందని ఈ తోటలే చెబుతాయి. ఐటీసీ వాళ్ల భద్రాచలం పేపర్ బోర్డ్స్ 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. గోదావరి నీళ్లు, ఈ అడవుల వెదురు చూసుకునే అక్కడ పెట్టారు. తర్వాత అడవి నుంచి కలప దొరకడం కష్టమైంది. అప్పుడు రైతుల చేలల్లో జామాయిల్ నాటించడం మొదలైంది. కొమ్మ ముక్క నుంచే మొక్క పెంచి, బాగా ఎదిగే రకాలను ఎంచి నర్సరీల ద్వారా ఇచ్చారు. నాలుగేళ్లలో కోతకొస్తుంది, మొద్దు మళ్లీ చిగురిస్తుంది. కూలీలు దొరకని, వాన నమ్మలేని మెట్ట చేనికి అది ఒక దారి చూపిన మాట నిజం. అదే మెట్ట మీద జొన్న, కంది, పెసర తగ్గిపోయిన మాటా నిజం. లారీలు తోలు ఒలిచిన కర్ర కట్టలు ఆకాశానికి అంటేటట్టు పేర్చుకుని మిల్లు గేటు ముందు వరుస కట్టి ఉంటాయి. ఉడికిన కర్ర వాసన, గాలి అటు వీస్తే ఊరంతా కమ్ముతుంది. షిఫ్టు మారే వేళకు సైకిళ్లు, మోటారు సైకిళ్లు ఒక్కసారిగా రోడ్డెక్కితే నడిచేవాళ్లు జానెడు మట్టి అంచు మీద ఒకరి వెనక ఒకరు సర్దుకోవాల్సిందే.

సారపాక దాటితే గోదావరి. నవమికి నది సన్నబడి, ఇసుక తిన్నెలు బయటపడి ఉంటాయి. అదే నది 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు ఎక్కింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే ఆ నీళ్లెంతో ఊహించుకోండి. 1965లో వంతెన వచ్చేదాకా ఈ ఒడ్డుకు నడిచి వచ్చినవాళ్లు పడవెక్కి అవతలికి పోయేవాళ్లు. అంతకు ముందు సంగతి ఇంకా చిత్రం. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేశాడు. ఇవతల పాల్వంచ నిజాం రాజ్యం, అవతల భద్రాచలం ఇంగ్లీషు రాజ్యం. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసేదాకా ఈ రెండు ఒడ్లూ ఒక జిల్లా కాలేదు. సరిహద్దు ఎక్కడ గీసినా నడిచేవాళ్లు మాత్రం ఏటా వచ్చారు. నవమి కల్యాణానికి తానీషా కాలం నుంచి వస్తున్న ముత్యాల తలంబ్రాలను ఇప్పటికీ ప్రభుత్వమే సమర్పిస్తుంది. తూర్పు గోదావరి కోరుకొండ భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు తెస్తారు. బుక్కా గులాలు కలిపిన ఆ ఎర్రటి తలంబ్రాలు నాలుగు గింజలు దొరికితే చాలు, నలభై కిలోమీటర్ల కాళ్ల నొప్పి మా వాళ్లకు గుర్తుండదు.

ఇక అసలు విషయం. ఈ రోడ్డు 30వ నంబరు జాతీయ రహదారి. బొగ్గు టిప్పర్లు, బూడిద ట్యాంకర్లు, జామాయిల్ లారీలు, ఛత్తీస్‌గఢ్ వెళ్లే బండ్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. ఎండకు భయపడి మనవాళ్లు చీకట్లో నడుస్తారు. వెడల్పు చేసిన ప్రతిచోటా పెద్ద చెట్లు పోయాయి, తారు అంచు పక్కన మట్టి కోసుకుపోయింది. ఆడవాళ్లు కాలకృత్యాలకు చీకటి కోసం ఆగాల్సి వస్తోంది.

ఇది తీరని కష్టమేమీ కాదు. మహారాష్ట్రలో పండరిపురం వెళ్లే వార్కరీల కోసం రెండు పాల్కీ దారులను జాతీయ రహదారులుగా విస్తరించే పనికి 2021 నవంబరులో శంకుస్థాపన చేశారు. నడిచేవాళ్లకు రోడ్డు వెంట వేరే కాలిబాట ఆ ప్రణాళికలోనే ఉంది. అది జాతీయ రహదారి, ఇదీ జాతీయ రహదారే. అక్కడ వీలైంది కొత్తగూడెం నుంచి గోదావరి వంతెన దాకా ఎందుకు వీలు కాదు? ఒక పక్కన రెండు మీటర్ల మట్టి బాట చాలు. దాని వెంట వేప, కానుగ, ఇప్ప మొక్కలు నాటాలి. ఐదారు కిలోమీటర్లకు ఒక చోట నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి. ఆ బాట నవమికే పనికొచ్చేది కాదు. షిఫ్టుకు నడిచిపోయే కార్మికుడికి, ఇప్పపువ్వు గంపతో సంతకు పోయే అమ్మకు, బడికి పోయే పిల్లలకు ఏడాది పొడుగునా పనికొస్తుంది. ఇక్కడి పెద్ద కంపెనీలకు చట్టప్రకారం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సిన నిధులున్నాయి. అందులో కొంత ఈ బాటకు పెట్టమని అడగడం న్యాయం.

బాట వచ్చేదాకా మనం చేయగలిగినవి మనం చేద్దాం. నడిచే స్వాములు, మాతలు ఎదురుగా వచ్చే బండి కనబడేటట్టు రోడ్డుకు కుడి పక్కన నడవండి. చీకట్లో ముందు నడిచేవారు, చివర నడిచేవారు మెరిసే పట్టీల జాకెట్ వేసుకోండి. స్టీలు గ్లాసు, స్టీలు పళ్లెం వెంట తెచ్చుకోండి, అడవిలో ప్లాస్టిక్ పారేయకండి. ఇప్పచెట్టు కింద ఆగితే పువ్వు తొక్కకండి. లారీ నడిపే అన్నలారా, తెల్లవారుజామున పాల్వంచ నుంచి సారపాక దాకా వేగం తగ్గించండి.

కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు మండలాల్లో ఉన్న శ్రోతలు, నడక బృందాల పెద్దలు మీ ఊరి తరఫున కాలిబాట కోసం ఒక్క కాగితం రాసి, పదిమంది సంతకాలు పెట్టి కలెక్టరేట్‌లో ఇవ్వండి. ప్రజావాణి సోమవారం జరుగుతుంది.